వేసినవాడే తీయాలి

గురునాథరావు గదిలోంచి బయటికి వచ్చాడంటే ఆ గదికి చీకటి పడినట్టే. లోపల ఇంకా మనిషి ఉన్నా సరే, ఆ మనిషి ఆయనతోనే మాట్లాడుతున్నా సరే, చెయ్యి దానంతట అది గోడ మీదికి వెళ్ళి స్విచ్ ఆపేస్తుంది. కుసుమకుమారి తలనిండా నురగతో స్నానాల గదిలో ఉంటే గీజర్ ఆగిపోతుంది. పచ్చడి సగం నలిగాక ఉప్పు కోసం ఇటు తిరిగి అటు తిరిగేలోపు మిక్సీ ప్లగ్గు ఊడి వేలాడుతూ ఉంటుంది. ఛార్జింగ్ పెట్టిన ఫోను పొద్దున్నే చూస్తే పెట్టినప్పుడు ఎంత ఉందో అంతే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆమె, పాపం మా ఆయనకి కరెంటంటే భయం కాబోలు అనుకుంది. భయం కాదు, భక్తి అని తర్వాత తెలిసింది.

ఆ భక్తి ఆయనకి అచ్యుతాపురంలో అబ్బింది. అక్కడొక ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు ఆయన ఉద్యోగం. యంత్రంలో చెయ్యి పెట్టేముందు కరెంటు ఆపాలి, ఆపిన చోట తన పేరున్న ఎర్ర తాళం వేయాలి, తాళానికి తన ఫొటో ఉన్న ట్యాగు తగిలించాలి, తాళంచెవి మెడలో వేసుకోవాలి. వేసినవాడే తీయాలి. మేనేజరు వచ్చినా, మంత్రి వచ్చినా, ఆ తాళం ఇంకొకరు ముట్టుకోకూడదు. మంచి రూలే, ఎంతోమంది చేతులూ ప్రాణాలూ కాపాడిన రూలే. కాకపోతే గురునాథరావు దాన్ని బస్సెక్కించి గాజువాకలోని తన మూడో అంతస్తు ఫ్లాటుకి కూడా తీసుకొచ్చేశాడు. ట్యూబ్‌లైటు మార్చినా తాళమే, ఫ్యాను తుడిచినా తాళమే.

కుసుమకుమారి మాత్రం తక్కువ తిన్నదేమీ కాదు. ఆమెకి ఏదీ పూర్తిగా మూయడం చేతకాదు. పంచదార డబ్బా మూత, పచ్చడి జాడీ మూత, టూత్‌పేస్టు, బీరువా, ఫ్రిజ్ తలుపు, అన్నీ ఒక వేలెడు దూరంలో ఆగిపోతాయి. మూత అంటే ఆమె దృష్టిలో డబ్బా నెత్తిన ఊరికే కూర్చోబెట్టేది. గురునాథరావేమో ఏ డబ్బానైనా మూత పట్టుకునే ఎత్తుతాడు. మూత చేతికొస్తుంది, డబ్బా నేలకొస్తుంది.

"మూతెయ్యడం రాదేటే నీకు?" అంటాడాయన, కాళ్ళ చుట్టూ ఉన్న కందిపప్పు మధ్య నిలబడి.

"డబ్బాని నడుం కాడ అట్టుకోవాల గానీ నెత్తట్టుకుని లేపుతారేటండీ? మనిసినైనా అలా లేపుతారా?" అంటుందామె.

ఈ వాదనకి ఇంట్లో ఇంతవరకూ తీర్పు రాలేదు. రెండు వైపులా న్యాయం ఉన్న దావా ఎక్కడా తొందరగా తెమలదు.

కిందటేడు వినాయక చవితికి మాత్రం తీర్పు అపార్ట్‌మెంటు మొత్తం ముందు వచ్చేసింది. నిమజ్జనం రోజు సాయంత్రం ఫ్లాటుకో వంటకం తెచ్చి మంటపం దగ్గర అందరూ కలిసి తింటారు. కుసుమ ఒళ్ళు హూనం చేసుకుని పెద్ద డబ్బా నిండా క్యారెట్ హల్వా చేసింది. గురునాథరావు దాన్ని మూత పట్టుకుని ఎత్తాడు, మెట్ల మీద. మూడో అంతస్తు నుంచి కింద మంటపం దాకా హల్వా తనంతట తానే నడిచి వెళ్ళింది. వినాయకుడు ఒక్కడే నవ్వలేదు.

ఆనాటి నుంచి కుసుమకి పేపరు ప్లేట్ల వంతు పడింది. ఏ ఇంటి వంటకం ఏమిటో తేల్చేది కింది ఫ్లాటులో ఉండే గంగాభవాని. పోర్టు ఉద్యోగం చేసే భర్తతో ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి వచ్చిందావిడ. మాటలో చక్కెర ఉంటుంది, చక్కెర కింద సూది ఉంటుంది. "కుసుమ గారికెందుకండీ శ్రమ, ఆవిడ పేపరు ప్లేట్లు తెచ్చేస్తారు లెండి" అనేది. ఉగాదికి ప్లేట్లు, ఒకరి సత్యనారాయణ వ్రతానికి ప్లేట్లు, ఇంకొకరి పాప పుట్టినరోజుకి ప్లేట్లూ గ్లాసులూ. వంట వచ్చిన మనిషికి ఇంతకన్నా అవమానం ఉండదు. దుకాణంవాడు కూడా ఆమెని చూడగానే అడక్కుండా ప్లేట్ల కట్ట తీసి బల్ల మీద పెట్టే స్థితికి వచ్చింది.

అందుకే ఈ ఏడు కుసుమ గంగాభవాని గుమ్మంలో నిలబడి పోట్లాడి మరీ కుల్ఫీ వంతు పుచ్చుకుంది. వన్ టౌన్ సందుల్లో తిరిగి చిన్న చిన్న మట్టి ముంతలు ఏరి తెచ్చింది. చిక్కటి పాలు మరిగించీ మరిగించీ, యాలకులూ పిస్తా దంచి పోసి, ఫ్రీజరులో గడ్డ కట్టించింది. ఈసారి నిలబడితే నిలబడినట్టు. లేదంటే జన్మంతా పేపరు ప్లేట్లే.

నిమజ్జనం రోజు పొద్దున్న ఫ్రిజ్ గుర్రుమంది. కొంచెమే గుర్రుమంది. కుసుమ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది, కానీ అన్నది.

"ఏటండీ, ఫ్రిజ్జు ఏదో సౌండు సేత్తంది."

డ్యూటీకి తయారై ఉన్న గురునాథరావు కళ్ళు మెరిశాయి. ప్లగ్గు పీకాడు. దాన్ని ఎర్ర ప్లాస్టిక్ డిప్పలో పెట్టాడు. రెండు చిప్పలు కలిసి ప్లగ్గుని లోపల దాచేస్తాయి, బయట ఉన్న కన్నంలో తాళం పడితే ఇక ప్లగ్గు గోడ మొహం చూడదు. తాళం తగిలించి, ట్యాగు వేలాడేసి, చేతులు రెండూ ఫ్రిజ్ వెనక్కి దూర్చేశాక అన్నాడు.

"తాళం నొక్కీ కుసుమా."

"నొక్కినాను."

ఆయన వెనకాల దుమ్ము తుడిచాడు, ఊడిన మర ఒకటి బిగించాడు, ఏదో సణిగాడు. ఇంతలో కింద కంపెనీ బస్సు హారన్ మోగింది. అది ఆగేది తక్కువ, అరిచేది ఎక్కువ. గురునాథరావు చొక్కా మీద బూజుతోనే మెట్లు దిగి పరుగెత్తాడు. వెళ్తూ వెళ్తూ హాల్లో లైటూ ఫ్యానూ ఆపడం మరిచిపోలేదు. ఫ్రిజ్ సంగతే మరిచిపోయాడు.

కుసుమ తలంటుకుని, పూజ చేసుకుని, పట్టుచీర ఇస్త్రీ చేసుకున్నాక ఇంట్లో ఏదో తక్కువైందని గమనించింది. చెవి పెట్టి విన్నది. ఫ్రిజ్ నిశ్శబ్దంగా, బుద్ధిగా ఉంది.

"ఓలమ్మో! నా కుల్ఫీలు!"

ఫ్రీజరు తెరిచి చూసింది. ముంతలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. హమ్మయ్య అని తలుపు వేసింది, అంటే తన పద్ధతిలో వేసింది. ఆయనకి ఫోను చేసింది. ఆ ఫ్యాక్టరీలోకి ఫోన్లు వెళ్ళనివ్వరు, గేటు దగ్గరే పెట్టేయాలి. గేటులో ఎవరో ఎత్తి, "కబురు సెప్తామమ్మా" అని పెట్టేశారు. మళ్ళీ తెరిచి చూసింది. మళ్ళీ వేసింది. ఇరుగుపొరుగు ఫ్రీజర్లలో పెడదామంటే ఆ దారీ లేదు. పండగ రోజుల్లో నీచు ముట్టరు కదా, అందుకని అపార్ట్‌మెంటులో ప్రతి ఫ్రీజరూ రేపటి కోసం దాచిన వంజరాలతో, రొయ్యలతో కిక్కిరిసి ఉంది. దేవుడికి పెట్టే కుల్ఫీ చేపల వాసన కొట్టిందంటే పేపరు ప్లేట్లు కూడా చేతికివ్వరు.

ఫ్రిజ్ వెనక్కి వంగి చూసింది. ఎర్ర డిప్ప, ఎర్ర తాళం. దాని కింద ట్యాగు మీద హెల్మెట్ పెట్టుకుని గుడ్లురిమి చూస్తున్న మొగుడి ఫొటో. పైన పెద్ద అక్షరాలు: ముట్టుకోవద్దు, దీని మీద నా ప్రాణం ఉంది. ఫొటోకి దండ ఒక్కటే తక్కువ అనుకుంది, అనుకున్నందుకు వెంటనే లెంపలేసుకుంది. పండగపూట, పట్టుచీరలో, అలాంటి మాట రాసి ఉన్న తాళం మీద ఏ ఇల్లాలు చెయ్యి వేస్తుంది? ఇదివరకు నీళ్ళ మోటారు మీదున్న ఇలాంటి తాళాన్నే ఆమె వేలితో అలా కదిపితే, ఆయన ఆ పూట అన్నం మానేసి కూర్చున్నాడు కూడాను.

ఎదురింటి శివరామకృష్ణని పిలిచింది. స్టీలు ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన. పానాల పెట్టె పట్టుకుని హుషారుగా వచ్చాడు. ఫ్రిజ్ వెనకాల తాళం చూశాడు. చెప్పులు విడిచి వెనక్కి వెనక్కి నడిచాడు.

"అమ్మాయ్, దీన్ని ముట్టుకోకు. పర్సనల్ తాళం ఇది."

"బాబూ, ఫ్రిజ్జండీ ఇది, ఫర్నేసు కాదు."

"ఏదైతే ఏటమ్మా? తాళం తాళమే. ఏసినోడే తియ్యాల. నా సర్వీసంతా ఒకడి తాళం మీద సెయ్యెయ్యలేదు నాను. ఇప్పుడు ఈ వయసులో నీ కుల్ఫీ కోసం పాపం మూటగట్టుకోమంటావేటి?"

చెయ్యనైతే చెయ్యలేదు గానీ, ఆయన ఇంటికీ పోలేదు. ఎవరైనా ముట్టుకుంటారేమోనని కుర్చీ వేసుకుని ఫ్రిజ్ పక్కనే కాపలా కూర్చున్నాడు. కాపలా కూర్చున్నాడని పై అంతస్తువాళ్ళు చూడ్డానికి వచ్చారు. పోర్టులో పనిచేసేవాళ్ళు, స్టీలు ప్లాంటువాళ్ళు, ఫ్యాక్టరీలవాళ్ళు, ఒక్కొక్కరే వంగి తాళం చూడ్డం, ట్యాగు చదవడం, చేతులు వెనక్కి కట్టుకుని పక్కకి జరగడం. మంటపంలో దేవుడికి కూడా ఆ రోజు అంత మర్యాద దక్కలేదు.

కుసుమ ఆటోనగర్‌కి ఫోను కొట్టింది. ఆమె తమ్ముడు గోపికి అక్కడ ఇనుము కోసే షెడ్డు ఉంది. రైలు పట్టా అయినా కోసేస్తాననే రకం. పెద్ద కత్తెర భుజాన వేసుకుని బండి మీద ఎగిరి వచ్చాడు.

"ఎక్కడప్పా తాళం? సూపీ. ఒక్క దెబ్బకి ఎగరగొట్టీత్తాను."

వంగాడు. ఫొటో చూశాడు. కత్తెర నెమ్మదిగా కింద పెట్టాడు.

"అప్పా, బావ సూత్తన్నాడే."

"ఫొటోరా అది!"

"ఫొటోయే గాని, సూత్తన్నాడు. బావ పేణం అని రాసుంది కదప్పా. నాను కొయ్యను. కావాలంటే ఫ్రిజ్జు వైరు కోసీసి ఇంకో ప్లగ్గు ఎట్టీత్తాను, రెండు నిమిసాలు."

శివరామకృష్ణ కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ చాచి, ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడ్డాడు. "తాళం ఏసిన మిషనుకి దొంగ కరెంటా? నా పేణం పోయినా ఒప్పుకోను!"

కుసుమకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంతమంది మగవాళ్ళు, ఇన్ని పానాలు, ఇంత ఇనుము కోసిన అనుభవం. బొటనవేలంత తాళం ముందు అందరూ పిల్లులైపోయారు. మళ్ళీ ఫ్రీజరు తెరిచి చూసింది. ఒక ముంత మీద వేలు పెట్టింది. వేలు లోపలికి దిగింది.

సరిగ్గా అప్పుడే గంగాభవాని వచ్చింది. చంకలో ఒక సంచీ ఉంది.

"ఏవండీ కుసుమ గారూ, ఏంటండీ ఈ జనం? కుల్ఫీలు బానే ఉన్నాయాండీ?"

"రాళ్ళలాగ ఉన్నాయండీ" అంది కుసుమ, ఫ్రీజరు తలుపుకి వీపు ఆనించి.

"అబ్బే, మీ మీద అనుమానం కాదు లెండి. ఎందుకైనా మంచిదని ఇవి తెచ్చానండి." సంచీలోంచి పేపరు ప్లేట్ల కట్ట తొంగి చూసింది.

కుసుమ ఆ కట్టని చూసింది. గంగాభవాని నేలని చూసింది. లోపల ఏ ముంత ఒరిగిందో, ఫ్రిజ్ కిందినుంచి సన్నటి పాలధార బయలుదేరి, యాలకుల వాసనతో, తొందరేమీ లేకుండా వచ్చి ఆవిడ మట్టెల దగ్గర ఆగింది.

గోపి దగ్గాడు.

ఆ దగ్గు పూర్తికాకముందే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. గురునాథరావు హెల్మెట్ కూడా తీయకుండా, రొప్పుతూ, గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరూ ముట్టుకోలేదు కదా?"

"నానుండగా ఎవుడు ముట్టుకుంటాడు?" అన్నాడు శివరామకృష్ణ.

"ఎలా ఒచ్చినారండీ, షిఫ్టు మజ్జిలో?" అంది కుసుమ.

"తాళం ఏసీసి సైటొదిలి ఒచ్చీసినాను సార్ అని మేనేజరుకి సెప్పినాను. ఏ మిషను, ఎక్కడ అనడగనేదు. లేసి నిలబడీసినాడు. కంపెనీ జీపిచ్చి, సైరనేసుకుని ఎల్లమన్నాడు. రేపు పొద్దున్న మీటింగులో అందరి ముందూ సెప్పుకోవాల, ఏటయిందో."

జనం దారిచ్చారు. గురునాథరావు మెడలోంచి తాళంచెవి తీశాడు. కర్పూరం వెలిగించబోయే పూజారి కూడా అంత నిదానంగా వంగడు. ఎడమ చేత్తో తాళం పట్టుకున్నాడు, కుడి చేత్తో తాళంచెవి దాని దగ్గరికి తెచ్చాడు.

తాళం ఊడి ఎడమ చేతిలోకి వచ్చేసింది.

చెవి ఇంకా అల్లంత దూరాన ఉంది. గురునాథరావు తాళాన్ని చూశాడు, చెవిని చూశాడు. శివరామకృష్ణ కళ్ళజోడు సర్దుకున్నాడు. గోపి నోరు తెరిచాడు.

"కుసుమా."

"ఏటండీ."

"నొక్కినావా?"

"నొక్కినానండీ."

"టక్కుమని సౌండొచ్చిందా?"

కుసుమ ఆలోచించింది. నిజాయితీగానే ఆలోచించింది. పుట్టి బుద్ధెరిగాక తన చేతి కింద ఏ మూత, ఏ తలుపు, ఏ గడియ టక్కుమంది?

"అంత... గట్టిగా నొక్కనేదేమోనండీ."

అంటే ఆ తాళం పొద్దున్నుంచీ తెరిచే ఉంది. స్టీలు ప్లాంటూ, పోర్టూ, ఆటోనగరూ కలిసి కాపలా కాసింది తెరిచిన తాళానికి. సైరను వేసుకుని జీపు పరుగెత్తుకొచ్చింది తెరిచిన తాళానికి. ఒక్కరు, ఒక్క వేలు తగిలించి ఉంటే చాలు, ఊడి పడేది.

ముందు ఎవరు నవ్వారో చెప్పలేం. శివరామకృష్ణ కుర్చీలో కూలబడి కడుపు పట్టుకున్నాడు. గోపి కత్తెర మీద వాలిపోయాడు. గంగాభవాని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, ఒళ్ళు తూలి, ప్లేట్ల కట్ట పాలధారలో వదిలేసింది.

కుసుమ మాత్రం నవ్వలేదు. సిగ్గుతో ఆమెకి నేలలో దూరిపోదామనిపించింది. ఇన్నేళ్ళ కందిపప్పూ, హల్వా, ఇప్పుడు ఇది. రేపు మీటింగులో నిలబడి, మా ఆవిడ తాళం నొక్కలేదు సార్ అని చెబుతాడు, నూరుమంది నవ్వుతారు. చెప్పనీ, నిజమే కదా అనుకుని తల వంచుకుంది.

గురునాథరావు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తప్పు నాదే" అన్నాడు.

నవ్వులు తగ్గాయి.

"తాళం ఏసినోడు ఓసారి లాగి సూసుకోవాల. అదీ రూలే. నాను సూసుకోనేదు. నీ మీద ఒగ్గీసి బస్సెక్కీసినాను. రేపు మీటింగులో అదే సెప్తాను."

మూతల గురించి ఏళ్ళ తరబడి సాధించిన మనిషి, సాధించడానికి ఇంత బంగారంలాంటి రోజు చేతికి దొరికితే, వదిలేశాడు. ఈయన మీద ఆమెకి ఆ క్షణాన ముంచుకొచ్చినంత ప్రేమ పెళ్ళి పీటల మీద కూడా రాలేదు. ఆ మాట అంతమందిలో ఎలా అంటుంది? "సొక్కా మీద బూజండీ" అని దులిపింది.

"తప్పెవులిదో మీరిద్దరూ తీరిగ్గా పంచుకోండి గాని, పాలు పోతన్నాయమ్మా!" అని అరిచాడు శివరామకృష్ణ.

ప్లగ్గు పెట్టారు, ఫ్రిజ్ గుర్రుమంది, కానీ సాయంత్రానికి కుల్ఫీ మళ్ళీ కుల్ఫీ కాలేదు. ముంతల్లో మిగిలింది చిక్కగా, చల్లగా, అక్కడక్కడా మంచు పలుకులతో, తాగడానికీ తినడానికీ మధ్య ఎక్కడో ఆగిపోయింది. కుసుమ గుండె అరచేతిలో పెట్టుకుని మొదటి ముంత దేవుడికీ, రెండోది గంగాభవానికీ ఇచ్చింది. ఆవిడ ఒక గుక్క తాగింది. ముంత ఖాళీ చేసింది. ఇంకోటి తీసుకుంది. అదీ ఖాళీ అయ్యాక మూతి తుడుచుకుంది.

"కుసుమ గారూ, వచ్చే ఏడు కూడా ఇదే చేయండే. ఇలాగే, మధ్యలో కరెంటాపేసి."

డప్పులు మొదలయ్యాయి. వినాయకుణ్ణి అప్పికొండ తీరానికి తీసుకెళ్ళే వ్యాన్ ఎక్కిస్తుంటే, తడిసి ఉబ్బిన పేపరు ప్లేట్ల కట్టని చెత్తబుట్ట దాకా గంగాభవానే మోసుకెళ్ళింది. కుసుమ అది కళ్ళారా చూసింది. చూసి, పట్టుచీర కొంగు నడుముకి బిగించి, డప్పు దగ్గరికి వెళ్ళి స్టెప్పులేసింది. ఎప్పుడూ కాలు కదపని గురునాథరావు కూడా హెల్మెట్‌తోనే ఎగిరాడు.

మర్నాడు పొద్దున్న గురునాథరావు వంటింట్లోకి వెళ్ళాడు. టీ మొదట ఆయనే పెడతాడు, అది ఆ ఇంటి ఆచారం. కుసుమ స్నానం ముగించి, తల ఆరబెట్టుకుని, చీర కట్టుకుని వచ్చేసరికి గిన్నెలో టీ నీళ్ళు మరిగి మరిగి అడుగంటాయి. ఆయన పంచదార డబ్బా ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

డబ్బాకి ఎర్ర ట్యాగు వేలాడుతోంది. నిన్న పీకేసిన ట్యాగే, రాత్రి ఆమె సరదాకి తగిలించింది. ఆయన ఫొటో మీద, రేషన్ కార్డుకి తీయించుకున్న తన ఫొటో అంటించింది. ముట్టుకోవద్దు, దీని మీద నా ప్రాణం ఉంది.

"ఎంతసేపట్నుంచి నిలబడ్డారండీ?"

"నువ్వు స్నానానికెల్లిన కాడ్నుంచి."

"తీసుకోవచ్చు కదా?"

"ఎలా తీత్తాను? నీ ఫొటో ఉంది." ఆమెకే రూలు తెలియనట్టు చూశాడు. "ఏసినోలే తియ్యాల."

కుసుమ నవ్వబోయి ఆపుకుంది. డబ్బా అందుకోబోతూ చూసింది. మూత ఎప్పటిలాగే ఊరికే నెత్తిన కూర్చుని ఉంది, అదీ ఒక పక్కకి ఒరిగి. ఊదితే పడేలా ఉంది.

ఆయన ఇంకా గమనించలేదు. ట్యాగు మీద ఫొటోనే చూస్తున్నాడు.

ఆమె చప్పున ఆయనకి వీపు తిప్పింది. డబ్బా కడుపుకి ఆనించుకుని, పళ్ళు బిగబట్టి, "అబ్బా, ఎంత గట్టిగా మూసీసినానండీ" అంటూ, వదులుగా ఉన్న ఆ మూతని బలం కొద్దీ తిప్పసాగింది.